35 వేలలో గ్రాఫిక్స్ కార్డు: రివ్యూలు చూసి చూసి బుర్ర వేడెక్కింది, ఎవరైనా కాస్త తేల్చండి

గోదారి_గట్టు

అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి. నా సిస్టమ్ 2019 చివర్లో కట్టించింది, రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 సూపర్ కార్డు, 550 వాట్ల బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). మానిటర్ 24 అంగుళాలు, 1080పీ, 144 హెర్ట్జ్. ఇన్నాళ్లూ బండి లాగించేశాను గానీ ఆ కార్డు 4 జీబీ మెమరీతో ఇక కుదరట్లేదు, ఇండియానా జోన్స్ గేమ్ అయితే అసలు తెరుచుకోనే లేదు, రే ట్రేసింగ్ (వెలుగునీడలు లెక్కగట్టే) హార్డ్‌వేర్ ఉన్న కార్డే కావాలంట.

బడ్జెట్ 35 వేలు అనుకుంటున్నా, మరీ అవసరమైతే ఇంకొంచెం గుంజుతాను. షాపులో అడిగితే ఎన్విడియా 5060కి 31, ఇంటెల్ బీ580కి 26, ఏఎండీ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 38, 5060 టీఐ 16 జీబీకి 46 అన్నాడు. ఆ షాపాయన మాత్రం "5060 కళ్ళు మూసుకుని తీస్కోండి సార్, ఫ్రేమ్స్ డబుల్ వస్తాయి" అంటున్నాడు. వారం నుంచి యూట్యూబ్‌లో ఇదే పని, ఒకడు 8 జీబీ కార్డులు చచ్చిపోయాయి అంటాడు, ఇంకొకడు అదే కార్డుతో 150 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) చూపిస్తాడు, ఇద్దరూ అబద్ధం చెప్తున్నట్టు లేరు. మరి నేనెవర్ని నమ్మాలి? రాత్రుళ్ళు గేమ్స్ ఆడతాను, సీజన్‌లో మా బావగారి స్టూడియోకి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి పెడతాను. ఇదీ సంగతి.

పాత_కేబినెట్

ఇద్దరూ నిజమే చెప్తున్నారండీ, కాకపోతే ఇద్దరిలో ఎవరూ మీ కంప్యూటర్ గురించి చెప్పట్లేదు. అదీ అసలు చిక్కు.

కార్డుని రివ్యూ చేసేవాడు ప్రాసెసర్ అడ్డం రాకూడదని రైజెన్ 7 9800ఎక్స్3డీ లాంటి దానిమీద, పీసీఐ 5.0 స్లాట్ ఉన్న బోర్డులో టెస్ట్ చేస్తాడు. అది తప్పు కాదు, కార్డుకి కార్డుకి తేడా తెలియాలంటే అలాగే చెయ్యాలి. కానీ ఆ పట్టీ (ఎఫ్‌పీఎస్ చార్టు) చూసి "నాకూ 150 వస్తుంది" అనుకుంటే మీ 3600 ఎక్కడో 80, 90 దగ్గర చేతులెత్తేస్తుంది, కార్డు సగం ఖాళీగా కూర్చుంటుంది. ఇప్పుడున్న కార్డుతోనే ఒక పరీక్ష చేసుకోండి, మీరు ఆడే గేమ్‌లో రిజల్యూషన్ బాగా తగ్గించేసి 720పీలో, సెట్టింగులన్నీ బాగా తక్కువలో పెట్టి ఆడండి. అప్పుడొచ్చిన ఎఫ్‌పీఎస్ దాదాపుగా మీ ప్రాసెసర్ ఇవ్వగలిగినంత. దానికి మించి మీరు ఎన్ని వేలు పోసి కార్డు కొన్నా రాదు.

రెండోది స్లాట్, అంటే బోర్డు మీద కార్డు దూర్చే చోటు, అందులో డేటా వెళ్ళే దారుల్ని లేన్లు అంటారు. ఇది చాలామంది చెప్పరు. 5060, 5060 టీఐ, బీ580, పాత 4060, 7600, ఇవన్నీ 16 లేన్ల స్లాట్‌లో పెట్టినా 8 లేన్లే వాడతాయి. 9060 ఎక్స్‌టీ మాత్రం పూర్తి 16 వాడుతుంది. కొత్త బోర్డు మీద 8 లేన్లతో పెద్ద నష్టం లేదు, కానీ మీ బీ450 పీసీఐ 3.0, అంటే ఆ 8 లేన్లలో సెకనుకి 8 జీబీ కూడా దాటదు. 5060 మీదున్న జీడీడీఆర్7 మెమరీ సెకనుకి 448 జీబీ తోడుతుంది. మెమరీ నిండనంత సేపూ ఈ తేడా మీకు కనపడదు. నిండి పొర్లిందా, మిగతాది సిస్టమ్ ర్యామ్‌లోంచి ఆ సన్న గొట్టంలోంచి రావాలి, అప్పుడు ఉంటుంది మజా.

నేను కళ్ళారా చూశాను. మా ఫ్రెండు 4060 ఒక ఆదివారం తెచ్చుకుని నా బీ450లో పెట్టి హాగ్వార్ట్స్ లెగసీ ఆడాం. పావుగంట బ్రహ్మాండం. తర్వాత ఒక గదిలోకి వెళ్తే గోడమీద పటాలు కరిగిన కొవ్వొత్తిలా ఉన్నాయి, దగ్గరికెళ్ళి నిలబడితే రెండు మూడు సెకన్లకి బొమ్మ వచ్చింది, వెనక్కి తిరిగి మళ్ళీ చూస్తే మళ్ళీ మైనం. టాస్క్ మేనేజర్ తెరిస్తే డెడికేటెడ్ మెమరీ (కార్డు సొంతది) 7.6 జీబీ దగ్గర ఆగిపోయింది, కింద షేర్డ్ మెమరీ (సిస్టమ్ ర్యామ్‌లోంచి వాడుకునేది) అన్నది మెల్లగా పెరుగుతోంది. విచిత్రం ఏంటంటే ఎఫ్‌పీఎస్ మీటర్ మాత్రం 70 చూపిస్తూనే ఉంది. పట్టీల్లో ఇది ఎక్కడ కనపడుతుంది చెప్పండి? బొమ్మ తగ్గించేసి ఫ్రేమ్స్ కాపాడుకుంటోంది కార్డు.

అందుకే రివ్యూలో సగటు చూడకండి, "వన్ పర్సెంట్ లో" (1% low) అన్న అంకె చూడండి, అంటే అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క. 100 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేముకి 10 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక్క ఫ్రేము 50 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, సగటులో అది చీమంత, చేతికి మాత్రం బస్సు గతుకులో పడ్డట్టు తెలుస్తుంది. 8 జీబీకి 16 జీబీకి తేడా వచ్చేది అక్కడే.

నా ఓటు 9060 ఎక్స్‌టీ 16 జీబీ. 160 వాట్లు, ఎక్కువ మోడళ్ళకి ఒకే 8 పిన్ను, మీ ఎస్ఎంపీఎస్ సరిపోతుంది, లేన్ల గోల లేదు. 8 జీబీ వెర్షన్ కూడా అదే పేరుతో అమ్ముతున్నారు, డబ్బా మీద అంకె చూసి తీసుకోండి, ఇది నేను మూడుసార్లు చెప్పినట్టు అనుకోండి.

లష్కర్_పోరడు

భయ్యా ఇంత పైసల్ ఎందుకు పెడుతున్నవ్, సెకండ్ హ్యాండ్‌ల 3060 12 జీబీ తీస్కో. 12 జీబీ, 192 బిట్ మెమరీ బస్సు (డేటా పోయే దారి), పైగా 16 లేన్లు, నీ బీ450కి సరిగ్గ సెట్ అయితది. నేను రెండేండ్ల సంది అదే వాడుతున్న, 1080పీల ఏ గేమ్ ఆగలే. డీఎల్ఎస్ఎస్ (చిన్న బొమ్మను ఏఐతోని పెద్దగ చేసేది) కొత్త మోడల్ అప్‌స్కేలింగ్ గూడ పాత ఆర్‌టీఎక్స్ కార్డులకు వచ్చింది, ఫ్రేమ్ జనరేషన్ ఒక్కటే రాదు, అది లేకుంటె ప్రాణం పోదు.

గని కొనేటప్పుడు జర పైలం. సికింద్రాబాద్‌ల సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దిక్కు పోయినా, ఆన్‌లైన్ల ఎవరి దగ్గర తీస్కున్నా, 3060ల 8 జీబీది గూడ ఉంది, దానికి బస్సు 128 బిట్టే, స్పీడ్ మస్తు తక్కువ, స్టిక్కర్ మార్చి అంటగడ్తరు. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ యాప్ ఓపెన్ చెయ్యమను, మెమరీ సైజు, బస్ విడ్త్ చూడు, 3584 కోర్లు ఉన్నయా చూడు. ఇగ క్రిప్టో మైనింగ్ కత తెల్సు కద, 3060కి 2021ల మైనింగ్ చెయ్యకుండ లాక్ పెట్టిండ్రు, నెల తిరగకముందే ఎన్విడియా వాళ్ళదే ఒక బీటా డ్రైవర్ల ఆ లాక్ పొరపాటున పోయింది, ఇగ అందరు పండగ చేస్కున్నరు. 2022 సెప్టెంబర్ల ఈథీరియం మైనింగ్ బందయినంక ఆ కార్డులన్ని మార్కెట్‌ల పడ్డయ్.

నేను తెచ్చిన కార్డ్ గూడ గసొంటిదే, అమ్మినోడు "ఆఫీస్ యూజ్ అన్నా" అన్నడు. ఇంటికొచ్చి కూలర్ ఇప్పితే థర్మల్ ప్యాడ్ల నుంచి నూనె కారి బోర్డంత జిడ్డు, ఏం ఆఫీసో అది. ప్యాడ్లు, పేస్ట్ మార్చిన, హాట్ స్పాట్ (చిప్‌ల అన్నిటికన్న వేడి జాగ) 97 డిగ్రీల నుంచి 82కి దిగింది. ఇప్పుడు బిందాస్ నడుస్తుంది. నీకు గా ఓపిక ఉంటె 3060, లేకుంటె కొత్తది తీస్కో.

రెండర్_రాత్రులు

అందరూ గేమ్స్ గురించే చెప్తున్నారు, ఆయన పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తానని రాశారు కదా, దాని గురించి ఒక్కరూ అడగలేదు 🙂

గోదారి గారూ, మీ బావగారు ఏ కెమెరాతో తీస్తారు, ఫైలు ఏ ఫార్మాట్‌లో వస్తుంది, మీరు ఎడిటింగ్ ప్రీమియర్‌లో చేస్తారా రిజాల్వ్‌లోనా, ఇవి చెప్పండి. ఒక క్లిప్‌ని మీడియాఇన్ఫో అనే యాప్‌లో తెరిచి క్రోమా సబ్‌శాంప్లింగ్ (ఫైల్లో రంగుల వివరం ఎంత ఉంచారన్న లెక్క) అన్న దగ్గర ఏముందో చూడండి. 4:2:0 అయితే ఏ కార్డయినా ఒకటే. 4:2:2 అయితే మాత్రం పైన చెప్పిన సలహాలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

గోదారి_గట్టు

వివరంగా చెప్పినందుకు థ్యాంక్సండీ. ముందు పాత కేబినెట్ గారు చెప్పిన 720పీ పరీక్ష చేశాను, నేను ఎక్కువ ఆడే రెండు గేమ్స్‌లో ఒకదాంట్లో 95, ఒకదాంట్లో 110 దగ్గర ఆగింది. అంటే 144 నాకు ఎలాగూ రాదన్నమాట, మానిటర్ కొన్నప్పుడు ఎవడూ ఈ ముక్క చెప్పలేదు.

ఇక వీడియో. బావగారు రెండేళ్ళ క్రితం సోనీ ఏ7 4 తీసుకున్నారు. క్లిప్ చూస్తే హెచ్ఈవీసీ (వీడియోని కుదించే పద్ధతి), 10 బిట్, 4:2:2 అనే ఉంది. నేను ప్రీమియర్‌లోనే చేస్తాను. నిజం చెప్పాలంటే ఆ కెమెరా వచ్చిన దగ్గర్నుంచే నాకు నరకం, టైమ్‌లైన్ మీద ప్లే కొడితే మంగళసూత్రం ముడి దగ్గర బొమ్మ ఆగిపోతుంది, నాదస్వరం మాత్రం మోగుతూనే ఉంటుంది, బొమ్మ అందుకునేసరికి తలంబ్రాలు కూడా అయిపోతాయి. ప్రాసెసర్ పాతదైపోయింది అనుకున్నాను.

రెండర్_రాత్రులు

ఇది ముందే చెప్పాలి కదండీ బాబూ!

ప్రాసెసర్ పాతదే, కాదనను. కానీ అసలు సంగతి ఏంటంటే కార్డు లోపల వీడియో విప్పడానికి విడిగా ఒక భాగం ఉంటుంది, గేమింగ్ కోర్లకీ దానికీ సంబంధం లేదు. ఎన్విడియాలో 30, 40 సిరీస్ కార్డుల్లో ఆ భాగానికి హెచ్ఈవీసీ 4:2:2 అర్థం కాదు. అప్పట్లో లక్షన్నర పెట్టి 4090 కొన్నవాడిక్కూడా ఇదే గతి, మొత్తం భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి లోపలున్న గ్రాఫిక్స్‌కి అది వచ్చు, అందుకే ఎడిటర్లు చాలామంది ఇంటెల్‌ని పట్టుకుని వేలాడారు. ఎన్విడియా వాళ్ళు 50 సిరీస్‌లో ఇప్పుడు పెట్టారు, ప్రీమియర్ కూడా 2025లో దానికి సపోర్టు ఇచ్చింది. ఇంటెల్ ఆర్క్ కార్డులకీ ఉంది. ఏఎండీ 9060 ఎక్స్‌టీకి లేదు. గేమ్స్‌కి ఎంత మంచి కార్డయినా మీ బావగారి ఫైళ్ళ దగ్గర అది మీ 1650 కన్నా పెద్దగా ఒరగబెట్టేదేం లేదు.

కాబట్టి 3060, 9060 రెండూ తీసేస్తే మిగిలేవి బీ580, 5060, 5060 టీఐ. బీ580 చూడ్డానికి ముద్దొస్తుంది, 12 జీబీ, తక్కువ రేటు, 4:2:2 ఉంది. కానీ దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునేలా చేసే బయోస్ సెట్టింగు) ఆన్ అయి తీరాలి, పైగా దాని డ్రైవర్ ప్రాసెసర్‌ని బాగా తింటుంది, 2025 మొదట్లో రివ్యూవాళ్ళు ఇదే 3600 లాంటి పాత ప్రాసెసర్ల మీద పెట్టి చూస్తే కొన్ని గేమ్స్‌లో పట్టీలన్నీ తలకిందులయ్యాయి, కొత్త ప్రాసెసర్ మీద 4060ని దాటిన కార్డు పాతదాని మీద దాని వెనక పడింది. మీకు ప్రాసెసర్ ముందే 95 దగ్గర ఆగుతోంది, ఇంకా దాని నెత్తిన ఏం పెడతారు.

5060 తీసుకుంటే ఎడిటింగ్ బాధ పోతుంది, గేమ్స్‌లో టెక్స్చర్లు (గోడలు, వస్తువుల మీది బొమ్మల నాణ్యత) ఒక మెట్టు దింపుకుని ఆడాలి. 46 పెట్టగలిగితే 5060 టీఐ 16 జీబీ, అందులో రెండూ తీరతాయి. ఎఫెక్ట్స్, నాయిస్ రిడక్షన్ వేసినప్పుడు 4కే టైమ్‌లైన్ కూడా 8 జీబీని సులువుగానే నింపేస్తుంది, నాకు అనుభవమే.

ఇవేవీ కొనకుండా ఇంకో దారి కూడా ఉంది, ప్రాక్సీలు. రాత్రి పడుకునే ముందు అన్ని క్లిప్పులకీ చిన్న కాపీలు చేయమని పెట్టేసి పొద్దున్న వాటి మీద ఎడిట్ చేసుకోవచ్చు. రూపాయి ఖర్చు లేదు.

గోదారి_గట్టు

ప్రాక్సీల సంగతి నాకు తెలుసండీ, కానీ బావగారు రాత్రి పదకొండింటికి కెమెరా మెమరీ కార్డు చేతిలో పెట్టి పొద్దున్న ఏడింటికి "హైలైట్ అయ్యిందా బావా" అని ఫోన్ చేస్తారు. అప్పటికి ప్రాక్సీలే అవుతూ ఉంటాయి.

46 అంటే 11 వేలు ఎక్కువ. పాత కార్డు అమ్మితే ఐదో ఆరో వస్తాయేమో. మిగతాది బావగారి దగ్గరే వసూలు చెయ్యాలి, ఆయన ఫైళ్ళ వల్లే కదా ఇదంతా. టీఐలో రెండు ఫ్యాన్లది 46, మూడు ఫ్యాన్లు లైట్లు ఉన్నది 51 అన్నాడు, అది తీసుకుంటే చల్లగా ఉంటుందా? మా ఊళ్ళో మే నెల ఎండలు మీకు తెలియంది కాదు.

టెక్సాస్_తమ్ముడు

బ్రో ఎవరైనా యూఎస్ నుంచి వస్తున్నారా? ఇక్కడ 5060 టీఐ 16 జీబీ లాంచ్ రేటు 429 డాలర్లు, మా డల్లాస్‌లో 8.25 శాతం ట్యాక్స్ కలిపితే 464. కానీ ఒక మాట, నేను మా తమ్ముడికి అలాగే ఒకటి పంపాను, ఏడాదిలోపే ఫ్యాన్ పోయింది, అక్కడి సర్వీస్ వాళ్ళు సీరియల్ నంబర్ చూసి ఇది ఇండియాలో అమ్మింది కాదు అని తిప్పి పంపేశారు. మళ్ళీ ఎవరో వచ్చేదాకా ఆగి ఇక్కడికి తెప్పించి ఇక్కడ వారంటీ చేయించా. మిగిలిన డబ్బులు అందులోనే పోయాయి. ఇంటి దగ్గర బిల్లుతో కొనుక్కోవడమే మేలు.

పాత_కేబినెట్

4:2:2 అని తెలిస్తే నేను 9060 చెప్పేవాడిని కాదు, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. ఆ విషయం నాకూ ఇవాళే తెలిసింది.

మూడు ఫ్యాన్లు వద్దు. అది 180 వాట్ల కార్డు, రెండు ఫ్యాన్లు దానికి చాలు. ఐదు వేలు తేడా ఉంటే అందులో వెయ్యి పెట్టి కేబినెట్ ముందువైపు రెండు మంచి ఫ్యాన్లు వేసుకోండి, ఎండాకాలం పనికొచ్చేది అదే, గది 38 ఉంటే కార్డు మాత్రం చల్లగాలి ఎక్కడ్నుంచి తెస్తుంది. కొనేముందు కేబినెట్‌లో టేపు పెట్టి పొడవు కొలవండి, పాత కేబినెట్లలో హార్డ్ డిస్క్ అర అడ్డం వస్తుంది.

లేన్ల సంగతి చెప్పాను కదా అని భయపడకండి, 16 జీబీ ఉన్నప్పుడు మెమరీ పొర్లేది తక్కువ, 8 లేన్ల 3.0 వల్ల పోయేది కొంచెమే. ఎన్విడియా వాళ్ళు దీనికి 600 వాట్ల ఎస్ఎంపీఎస్ అని రాస్తారు, మీ 3600తో కలిపి మొత్తం 350 లోపే ఉంటుంది, మీది నిజంగా మంచి బ్రాంజ్ అయితే 550 చాలు. కానీ యూపీఎస్ ఎంతది? 600 వీఏ అంటే దాదాపు 360 వాట్లే, మానిటర్ కూడా దాని మీదే ఉంటే కరెంటు పోయిన క్షణంలో గేమ్ మధ్యలో కుయ్యిమని ఆగిపోతుంది.

తర్వాత ఎప్పుడైనా డబ్బులుంటే బయోస్ అప్‌డేట్ చేసి అదే బోర్డులో రైజెన్ 5 5600 వేసుకోవచ్చు. 95 దగ్గర ఆగిన గేమ్ అప్పుడు కదులుతుంది.

లష్కర్_పోరడు

నా 3060ని ఎవ్వరు పట్టించుకోలే, ఏం ఫర్వలే. షాపాయన "ఫ్రేమ్స్ డబుల్" అన్నడు కద, అది ఫ్రేమ్ జనరేషన్ లెక్క భయ్యా. అసలు 40 వచ్చే గేమ్‌ల నడుమ నడుమ తయారుచేసిన ఫ్రేమ్‌లు పెట్టి 80, 120 అని చూపిస్తరు. చూస్తానికి సాఫీగ ఉంటది, మౌస్ తిప్పితె మాత్రం 40 లెక్కనే బరువుగ ఉంటది. రివ్యూల ఆ పట్టీ కనిపిస్తె పక్కకు పెట్టు.

గోదారి_గట్టు

అప్‌డేట్ అండీ. 5060 టీఐ 16 జీబీ, రెండు ఫ్యాన్లదే తీసుకున్నాను, 45,500కి ఇచ్చాడు. బావగారు పది వేలు ఇచ్చారు, ఇస్తూ "ఇప్పుడు ఆరింటికే అయిపోతుందా" అని అడిగారు. యూపీఎస్ 1000 వీఏదే ఉంది, ఆ బెంగ లేదు. టేపు పెట్టి కొలిస్తే డిస్క్ అర తీసేయాల్సి వచ్చింది, అందులో పాత డిస్క్ ఒకటి ఉంది, డబుల్ టేపుతో కింద అతికించాను.

కార్డు స్లాట్‌లో పెట్టేశాను, ఇప్పుడొక డౌటు. పాత 1650కి 6 పిన్ను ఉండేది, దీనికి 8 కావాలి. ఎస్ఎంపీఎస్ నుంచి ఖాళీగా ఒక 4+4 వేలాడుతోంది, దూరుతున్నట్టే ఉంది గానీ కొంచెం బిగుతుగా ఉంది. నొక్కేయమంటారా?

పాత_కేబినెట్

ఆగండాగండి!! అది ప్రాసెసర్‌కి ఇచ్చేది, 4+4 కార్డుకి పెట్టకూడదు, అందులో ప్లస్సు మైనస్సు తిరగబడి ఉంటాయి, అందుకే బిగుతుగా ఉంది. పాత కార్డుకి పెట్టిన ఆ 6 పిన్ను వైరు చూడండి, దాని పక్కనే రెండు పిన్నులది చిన్న ముక్క వేలాడుతుంటుంది. ఆ రెండూ కలిపితే 6+2, మీద పీసీఐ-ఈ అని రాసి ఉంటుంది.

గోదారి_గట్టు

ఉందండీ! ఐదేళ్ళుగా అక్కడే వేలాడుతోంది, అది ఎక్స్‌ట్రా అనుకుని జిప్ టై వేసి కట్టేశాను. కత్తెర తెచ్చుకుంటా.